మా వదినకి నచ్చిన పొడి

మా ఆయన అక్కగారిది రేపల్లె. నాకు వదిన. వంటలో ఆవిడకి ఆ వీధిలోనే కాదు, చుట్టుపక్కల వీధుల్లో కూడా ఎదురులేదు. ఎవరింట్లో శుభకార్యం జరిగినా, వంటవాళ్లు వచ్చి పొయ్యిలు వెలిగించాక మా వదిన ఒకసారి వచ్చి గరిటె ముంచి చూసి "ఊఁ, కానివ్వండి" అంటే తప్ప ఇంటివాళ్లకి ధైర్యం చిక్కదు. నలుగురికీ కొసరి కొసరి పెట్టడం, ఆఖరున తనూ తృప్తిగా తినడం ఆవిడకి తెలిసిన సుఖం. ఆ సుఖంతోపాటే బరువూ వచ్చింది. ముందు మోకాళ్లు పట్టేశాయి. తర్వాత షుగరు. ఆ తర్వాత పడుకుంటే ఊపిరాడక లేచి కూచోవడం మొదలైంది. గుంటూరులో డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, పథ్యాలకి లొంగే దశ దాటిపోయిందనీ, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటే మేలనీ చెప్పారు.

పొట్టలో చాలా భాగం తీసేసి, అరటికాయంత గొట్టంలా మిగులుస్తారట. ఈ మాట వినగానే బంధువులంతా ఫోన్ల మీద ఫోన్లు. ఒకరు వద్దంటారు, ఒకరు నాటు మందు చెబుతారు, ఒకరు ఎవరికో ఏదో అయిందని భయపెడతారు. మా వదిన మాత్రం డాక్టరుగారిని రెండే అడిగింది.

"తర్వాత ఆవకాయ తినొచ్చాండీ?"

"కొన్నాళ్లు పోయాక, నాలిక్కి రాసుకోవచ్చమ్మా."

"వంట చెయ్యొచ్చా?"

"శుభ్రంగా చెయ్యొచ్చు."

"అయితే కానివ్వండి."

నేను బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా అత్తింటివారి దృష్టిలో కెమిస్ట్రీ అంటే మందులు, సబ్బులు, పురుగుమందులు, మరకలు పోగొట్టడం, ఇంకా డబ్బాలో వచ్చే పొడి ఏదైనా సరే. అందుకని ఆపరేషన్ తర్వాత వదిన తాగాల్సిన ప్రొటీన్ పొడి వ్యవహారం నా నెత్తిన పడింది. నాకు వదినంటే కొంచెం బెరుకు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో చేసిన పప్పుచారు గురించి ఆవిడ ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంది. అలాంటి మనిషికి నేను ఏదో కలిపి "ఇది తాగండి వదినా" అని ఇవ్వాలి!

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపే రోజున ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి మమ్మల్ని కూచోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఇక మీదట వదిన తినేది గుప్పెడు కూడా ఉండదు. ఆ గుప్పెడులో ఒంటికి కావలసిన ప్రొటీన్ అందదు. అందకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది, నీరసం వస్తుంది, జుట్టు ఊడుతుంది. కాబట్టి కొన్నాళ్లు పొడి తప్పదు. పొడిలో చక్కెర తక్కువ ఉండాలి, పాలు అరగని వాళ్లకి కూడా సరిపడే రకం అయితే మరీ మంచిది. గడగడా తాగకూడదు, గుటకేసి ఆగాలి.

మా అన్నయ్యగారు, అంటే వదిన భర్త, రేపల్లెలో ఎరువుల కొట్టు నడుపుతారు. అంతా విని తలూపారు.

"అర్థమైందమ్మా. భూమి తగ్గింది, కాబట్టి మందు గట్టిగా వెయ్యాలి. అంతేగా?"

ఆ అమ్మాయికి నవ్వాగలేదు. "అంతేనండి. కాకపోతే ఏ మందో చూసి వెయ్యండి," అంది.

ఆ చివరి మాట ఆయన చెవికి ఎక్కలేదని తర్వాత తెలిసింది.

ఆదివారం నేను వస్తాను, చూసి కొందాం అని చెప్పాను. నేను బాపట్ల నుంచి బస్సులో రేపల్లె చేరేసరికి వరండాలో, ఎరువుల బస్తాకి చెల్లెల్లా, ఇంత పెద్ద నల్లటి డబ్బా ఉంది. దాని మీద ఒకాయన చొక్కా లేకుండా కండలు బిగించి మమ్మల్ని కరిచేలా చూస్తున్నాడు. అన్నయ్యగారు పని మీద తెనాలి వెళ్లి, అక్కడ జిమ్ముల వాళ్లు కొనుక్కునే కొట్టులో తెచ్చారట.

"ఉన్నవాటిల్లో ఇదే పెద్దదమ్మా. బొమ్మ చూశావా? అసలు బలమంటే అది!" అన్నారు గర్వంగా.

నేను డబ్బా తిప్పి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివాను. ప్రొటీన్ కొద్దిగా ఉంది. మిగతాదంతా పిండీ, చక్కెరే. ముందుకి తిప్పి పేరు చదివాను.

"అన్నయ్యగారూ, ఇది మాస్ గెయినర్ అండి."

"అంటే?"

"బరువు పెరగడానికి వేసుకునేది."

దిండుకి ఆనుకుని కూచున్న వదిన మొగుడి వంక చూసింది.

"ఏవండీ, నేను పొట్ట కోయించుకుని వస్తే మీరు లావయ్యే పొడి తెచ్చారా?"

"బొమ్మ బాగుందే..." అన్నారాయన నీరసంగా.

వదినకి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగుతున్నాయి. పొట్ట మీద దిండు అదిమిపెట్టుకుని "నవ్వించకండి, చచ్చిపోతాను" అంటూ మళ్లీ నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు.

డబ్బా సీలు ఇంకా తియ్యలేదు. నేనూ అన్నయ్యగారూ దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని రేపల్లె రైలెక్కి తెనాలి వెళ్లాం. భట్టిప్రోలులో ఎక్కిన ఒక పెద్దాయన డబ్బా మీద బొమ్మని చాలాసేపు చూసి, తర్వాత అన్నయ్యగారిని చూసి, "మీరేనాండీ వాడేది?" అని అడిగాడు. ఆయన కిటికీలోంచి వరిచేలు చూడటంలో మునిగిపోయారు.

కొట్టతను మంచివాడే. డబ్బా మీద బొమ్మకి తమ్ముడిలా ఉన్నాడు.

"సార్, మీరు బలానికి కావాలన్నారు, ఎవరికో చెప్పలేదండి. ఇది సన్నగా ఉన్న కుర్రోళ్లు లావెక్కడానికండి. ఆపరేషన్ అయిన అమ్మగారికి ఇస్తారేంటండీ!" అని నొచ్చుకుని, డబ్బా వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత నేను అక్కడే నిలబడి ఒక్కొక్క డబ్బా వెనకాల చదవడం మొదలుపెట్టాను. ముందువైపు రాసేవన్నీ కోతలే. వెనకవైపే అసలు విషయం. ఒక చెంచాలో ఎంత ప్రొటీన్, ఎంత చక్కెర, ఏ పాల నుంచి తీశారు, పరీక్ష చేయించారా లేదా. అన్నయ్యగారికి ఇది బాగా నచ్చింది. ఎరువుల బస్తా మీద కూడా అంతేనట, ముందు ఆకుపచ్చని చేను బొమ్మ, వెనకాల అసలు సరుకు. ఇద్దరం కలిసి ఒకటి ఎంచాం. పాలు విరిగాక మిగిలే తేటలోంచి తీసిన ప్రొటీన్ అది, చక్కెర లేనట్టే. చాక్లెట్ రుచి. ఫోన్లో ఆసుపత్రి అమ్మాయికి ఫొటో పంపితే ఆవిడా సరేనంది.

వచ్చేముందు అన్నయ్యగారు కొట్టతని భుజాలకేసి చూసి అడిగారు. "నువ్వు ఏ డబ్బా వాడతావయ్యా?"

"నేను గుడ్లు తింటానండి," అన్నాడతను.

ఆ సాయంత్రమే పొడిని షేకర్‌లో వేసి, చల్లటి నీళ్లు పోసి, బాగా గిలకొట్టి, చిన్న గ్లాసులో వదినకి ఇచ్చాను. ఆవిడ వాసన చూసింది. గుటకేసింది. గ్లాసు కింద పెట్టింది.

"అమ్మాయ్, కాకరకాయని చక్కెర పాకంలో వేసి, ఆ పాకాన్ని ఇనప డబ్బాలో నిలవ ఉంచితే ఇలా ఉంటుంది."

"మందనుకోండి వదినా."

"మందయితే గుటుక్కున మింగేస్తాను. దీన్ని గంటసేపు చప్పరించమంటున్నారుగా!"

అయినా తాగుతానని మాటిచ్చింది. నేను బాపట్ల వచ్చేశాక రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. "తాగారా వదినా?" "ఆఁ, అయిందమ్మా." ఒకసారి వీడియో కాల్‌లో ఖాళీ గ్లాసు కూడా చూపించింది, అంచున నురుగుతో సహా. డబ్బా అయిపోతే అన్నయ్యగారు అలాంటిదే ఇంకోటి తెచ్చారు. బరువు బాగా తగ్గుతోంది. మోకాళ్లు తేలికపడ్డాయి. అంతా సవ్యంగా ఉందనుకున్నాం.

అలా కొన్ని నెలలు గడిచాక ఒకరోజు అన్నయ్యగారు ఫోన్ చేశారు. బట్టలు ఆరేస్తూ వదిన కళ్లు తిరిగి దండెం పట్టుకుని కూలబడిపోయిందట. దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు వస్తోందట. నేను కాలేజీకి సెలవు పెట్టి, తిన్నగా గుంటూరు వెళ్లి ఆసుపత్రిలో వదిననీ అన్నయ్యగారినీ కలిశాను. రక్తపరీక్ష రిపోర్టు చూసి ఆహారం అమ్మాయి కనుబొమలు ముడిచింది.

"జుట్టు కొంత ఊడటం మామూలేనమ్మా, కానీ ప్రొటీన్ బాగా తగ్గిపోయింది. పొడి రోజూ తాగుతున్నారా?"

వదిన చీర కొంగు చూసుకుంటోంది.

"తాగకపోతే డబ్బాలు ఎలా అయిపోతాయండీ?" అన్నారు అన్నయ్యగారు.

"గేదె తాగింది," అంది వదిన మెల్లగా.

పెరట్లో వాళ్లకో గేదె ఉంది. రోజూ కలిపిన పొడి కుడితి తొట్లోకి వెళ్లిపోయిందన్న మాట. ఆ అమ్మాయి పెన్ను నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. అన్నయ్యగారు మాత్రం గంభీరంగా ఆలోచించి, "అదా సంగతి! ఈ మధ్య పాలు చిక్కగా వస్తున్నాయనుకుంటున్నాను," అన్నారు.

అందరం నవ్వాం. నవ్వుతూనే వదిన కళ్లు తుడుచుకోవడం కాస్త ఆలస్యంగా చూశాను.

"నవ్వకండమ్మా," అంది. "నాకు ఆకలి లేదు. ఏ వాసనా పడదు. వంటింట్లోకి వెళ్తే పరాయింటికి వెళ్లినట్టుంది. అందరికీ చేసి పెట్టినదాన్ని, నా నోట్లోకి ఆ బురదనీళ్లా? ఇన్నేళ్లు ఏం తిన్నా రుచి చూసి తిన్నాను. ఇప్పుడు బతకడానికి తాగమంటే గొంతు దిగట్లేదు."

ఆ డబ్బాల మీద చక్కెర ఎంత, ప్రొటీన్ ఎంత అని అన్నీ చూశాను గానీ, తాగేది ఎవరో చూడలేదు. ఆ అమ్మాయి కూడా గొంతు తగ్గించి, చాక్లెట్ పడకపోతే వేరేవి చూద్దామమ్మా, మానెయ్యడం మాత్రం కుదరదు అని చెప్పి, కొత్తగా విటమిన్ మాత్రలు రాసిచ్చింది.

బయట హాల్లో కూచున్నప్పుడు పక్క కుర్చీలో ఉన్నావిడ మావైపు తిరిగింది. వయసు నలభైల్లో ఉంటుంది. తల మీద ముసుగు, చేతిలో మంచినీళ్ల సీసా.

"అక్కా, ఏమనుకోకండి. తలుపు తీసుంది, మాటలు చెవిన పడ్డాయి. నాది కూడా ఇదే ఆపరేషనండి, పోయినేడాది అయింది. గేదె లేదు కాబట్టి నేను సింకులో పోశాను."

వదిన ఆవిడ వంక చూసిన చూపు, తప్పిపోయిన తోబుట్టువు దొరికినట్టుంది. 

ఆవిడది తెనాలి. ఇంట్లోనే పెళ్లి జాకెట్లు కుడుతుందట. చాక్లెట్, వెనిలా, మామిడిపండు, అన్నీ చూసి అన్నీ పారబోసిందట. చివరికి ఏ రుచీ లేని పొడి ఒకటుందని తెలిసిందట. "దాన్నైతే మన తిండిలో కలుపుకోవచ్చక్కా. ఉప్పొద్దంటే ఉప్పు లేదు, తీపొద్దంటే తీపి లేదు. పెద్ద డబ్బా కొనొద్దు, చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, ముందు అవి చూడండి. మీరెలాగూ తెనాలి మీదే కదా వెళ్లేది, మా ఇంటికి రండి. నా దగ్గరున్నాయి."

ముక్కూ మొహం తెలియని ఇంటికి ఎలా వెళ్తామని అన్నయ్యగారు నసిగారు. వదిన అప్పటికే ఆవిడ చెయ్యి పట్టుకుని లేచింది.

ఆవిడ ఇల్లు తెనాలిలో ఒక ఇరుకు సందులో ఉంది. ముందుగదిలో రెండు మిషన్లు, గోడకి జరీ జాకెట్లు. అన్నయ్యగారికి కుర్చీ వేసి, వాళ్లాయన ఆయనతో పసుపు ధరల కబుర్లలో పడ్డాడు. వాళ్లాయనకి దుగ్గిరాల పసుపు యార్డులో ఏదో పని. మేం ముగ్గురం వంటింట్లోకి వెళ్లాం. ఆవిడ చిన్న ప్యాకెట్లు గట్టు మీద పరిచింది. మందుసీసా మూతల్లాంటి చిన్న స్టీలు గిన్నెలు తీసింది. ఒకదాంట్లో ఏ రుచీ లేని పొడి మజ్జిగలో కలిపింది, ఇంకోదాంట్లో బఠాణీల నుంచి తీసిన పొడి. మజ్జిగది గుటకేసి వదిన మొహం చిట్లించలేదు. బఠాణీది మాత్రం "పచ్చి పిండి" అని పక్కన పెట్టేసింది.

"నేను చారులో కూడా వేసుకుంటానక్కా," అంటూ ఆవిడ పొయ్యి మీది చారు గిన్నెలోకి వంచి పొడి చల్లింది. పొడి కాస్తా తెల్లగా ఉండలు కట్టింది. "ఒక్కోసారి ఇలా అవుతుంది. ఎందుకో తెలీదు."

ఇక్కడ నా కెమిస్ట్రీ అక్కరకొచ్చింది. "వేడికండి. వేడినీళ్లలో గుడ్డుసొన పోస్తే గట్టిపడిపోతుంది చూడండి, ఇదీ అంతే. గోరువెచ్చగా ఉన్నప్పుడు వెయ్యాలి."

వదిన నన్ను ఆపింది. "ఉండు. గోరువెచ్చగా ఉన్నా ఊరికే చల్లితే ఉండకడుతుంది. శనగపిండి ఎలా కలుపుతాం? ముందు కాసిని చల్లనీళ్లలో పేస్టులా మెదిపి, తర్వాత పొయ్యాలి." తర్వాత ఆవిడవైపు తిరిగి, "చెల్లెమ్మా, జీలకర్ర ఉందా? అల్లం ముక్క ఉందా?" అంది.

ఆవిడ డబ్బాలు తీసిచ్చింది. వదిన కొంగు బిగించింది. చిన్న మూకుడు పెట్టి జీలకర్ర దోరగా వేయించింది. ఆ వాసనకి నేను భయంగా వదిన మొహం చూశాను. ఆవిడకి వికారం రాలేదు. రోట్లో వేసి నూరింది. అల్లం దంచి రసం పిండింది. మజ్జిగలో పొడి మెదిపి, ఇంత జీలకర్ర, నాలుగు చుక్కల అల్లం, చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టింది. రుచి చూసింది. ఇంకా ఏదో తక్కువైంది. కరివేపాకు నలిపి వేసింది. మళ్లీ చూసింది.

"ఊఁ, కానివ్వండి," అంది.

తెనాలి ఆవిడ కూడా గిన్నె అందుకుని తాగి, "ఏడాది నుంచి తాగుతున్నానక్కా, ఇలా ఎప్పుడూ లేదు," అంది. నిజంగానే అందో, మర్యాదకి అందో గానీ, మా వదిన మొహంలోకి రంగొచ్చింది. గుటకా గుటకా ఆగి తాగుతూ, ఆవిడకి పెసరకట్టులో ఎలా కలపాలో, గుడ్డు పొరటులో కలపొచ్చో లేదో, మెత్తటి ఇడ్లీ మీద చారులా పోసుకుంటే ఎలా ఉంటుందో చెబుతూ, మేం బయల్దేరేసరికి గిన్నె ఖాళీ చేసింది. ఈసారి నేను కళ్లారా చూశాను. ఆ ఇంట్లో గేదె లేదు.

ఆ తర్వాత నాకు ఫోన్ చేసి అడిగే పని లేకపోయింది. వదినే చేసేది. "అమ్మాయ్, ఇవాళ సొరకాయ సూపులో వేశాను. చెడ్డగా ఉంది. రేపు టమాటా చూస్తాను." తెనాలి ఆవిడా వదినా రోజూ మాట్లాడుకునేవారు. ఒకసారి అన్నయ్యగారు నాతో గుట్టుగా "వీళ్లిద్దరూ కలిసి హోటల్ పెట్టేలా ఉన్నారమ్మా, నన్ను కొట్టు మూసేసి వడ్డించమంటారేమో," అన్నారు. గుంటూరులో తర్వాతి పరీక్షలో రిపోర్టు బాగా వచ్చింది. ఆహారం అమ్మాయి వేరే పేషెంట్లకి చెబుతానని జీలకర్ర మజ్జిగ కొలతలు అడిగింది. వదినకి కొలతలు తెలియవు. "చూసి వెయ్యడమేనమ్మా," అంది.

పెళ్లిళ్లలో మాత్రం ఇబ్బందే. కారంచేడులో మా చుట్టాల పెళ్లికి వెళ్తే, ఎదురైన ప్రతివారూ "అయ్యో, ఏంటి ఇలా చిక్కిపోయావు? ఒంట్లో బాలేదా?" అనేవారు. లావుగా ఉన్నప్పుడు తగ్గమన్నదీ వాళ్లే. బంతిలో కూచుంటే వడ్డించేవాళ్లు ఊరుకోరని, వదిన గరిటె పుచ్చుకుని తనే వడ్డనలోకి దిగింది. ఒకావిడ చెయ్యి పట్టుకుని ఆపి, "నువ్వు తినకుండా అందరికీ పెడతావేంటమ్మా," అంది జాలిగా.

"నా మజ్జిగ నేను సంచిలో తెచ్చుకున్నానండి. మీరు గారె వేసుకోండి," అంది వదిన, ఇంకో గారె వేస్తూ.

మొన్న చలికాలంలో అన్నయ్యగారూ వదినా బాపట్ల వచ్చారు. సాయంత్రం అందరం ఆటోలో సూర్యలంక సముద్రం ఒడ్డుకి వెళ్లాం. ఇదివరకు వస్తే వదిన ఇసుకలో నడవలేనని ఆటోలోనే కూచునేది. ఈసారి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మా అందరికన్నా ముందు నీళ్ల దాకా వెళ్లిపోయింది. అల వచ్చి పాదాలు తడిపితే చిన్నపిల్లలా అరిచింది. మా ఆయన ఫొటోలు తీస్తూ వెనక్కి వెనక్కి నడిచి గుంటలో కాలేసి పడ్డాడు.

తిరిగి వస్తుంటే ఒడ్డున పెనం మీద చేపలు వేయిస్తున్నారు. వదిన ఆగింది. గాలికి ఎగిరే ముంగురుల్ని చెవి వెనక్కి తోసుకుంటూ కాసేపు అలాగే నిలబడింది. కొత్తగా వస్తున్న పొట్టి జుట్టు నుదుటి మీద నిక్కబొడుచుకుని ఉంది.

"అమ్మాయ్," అంది నాతో మెల్లగా. "ఆకలేస్తోంది."

ఆపరేషన్ తర్వాత ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. అన్నయ్యగారు నేను చెప్పేలోపే పెనం దగ్గరికి పరిగెత్తారు. కారం లేకుండా, నూనె తక్కువగా ఒక ముక్క వేయించి ఆకులో పెట్టించుకొచ్చారు. ముళ్లు తీసి, వేలెడంత తుంచి వదిన చేతిలో పెట్టారు. ఆవిడ ఇసుకలో కూచుని నోట్లో వేసుకుని, డాక్టరు చెప్పినట్టు మెత్తగా, నిదానంగా నమలడం మొదలుపెట్టింది. ఆటో అతను హారన్ కొట్టాడు. మా ఆయన "వస్తున్నాం, ఉండవయ్యా," అని కేకేసి వచ్చి తనూ ఇసుకలో చతికిలబడ్డాడు. అందరం ఆవిడ చుట్టూ కూచున్నాం, ఆవిడ తినేదాకా.